రెండు దూరపు నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కకట్టుకోవడం ఎలా?

విమాన టికెట్ మీద బయల్దేరే టైమూ దిగే టైమూ రెండూ ఉంటాయి. కానీ ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే ప్రయాణం ఎంతసేపో తేలదు. అవి రెండు ఊళ్ళ గడియారాలు చూపించే టైములు. పోనీ దూరం తెలుసుకుందామని ఇంటర్నెట్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుంది. పైగా వెళ్ళేటప్పుడు తొమ్మిదిన్నర గంటలు పట్టిన దారే తిరిగొచ్చేటప్పుడు పదకొండు గంటలు పడుతుంది. మొదటిసారి దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకీ, ఇంట్లో పెద్దవాళ్ళని ఒంటరిగా విమానం ఎక్కిస్తున్నవాళ్ళకీ ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

దూరంతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే ఈ చిక్కులన్నీ విడిపోతాయి. ఫోన్‌లో ఉండే కాలిక్యులేటర్ చాలు. ఉదాహరణకి టోక్యో, శాన్ ఫ్రాన్సిస్కో తీసుకుందాం. మధ్యలో పసిఫిక్ మహాసముద్రం ఉంది, అంతర్జాతీయ తేదీ రేఖ ఉంది, బలమైన గాలులున్నాయి. ఈ జంటకి లెక్క కట్టగలిగితే ప్రపంచంలో ఏ రెండు నగరాలకైనా కట్టగలరు.

1. ముందు ఎయిర్‌పోర్టులు ఖాయం చేసుకోండి

వెబ్‌సైట్లు చెప్పే అంకెలు వేరువేరుగా ఉండటానికి మొదటి కారణం ఇదే. కొన్ని సైట్లు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి, కొన్ని ఎయిర్‌పోర్టు నుంచి. టోక్యోకి రెండు పెద్ద ఎయిర్‌పోర్టులున్నాయి. హనెడా ఊరికి దగ్గర. నరిటా దాదాపు 60 కిలోమీటర్ల దూరం. విమానంలో ఆ తేడా నాలుగు నిమిషాలే, ఊళ్ళోకి చేరేటప్పుడు మాత్రం గంటకి పైనే.

ఊరి పేరు ఒక్కటే చూసి టైప్ చేయకండి. కెనడాలోనూ ఒక లండన్ ఉంది, ఒక సిడ్నీ ఉంది. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఇంకొకటి. టికెట్ మీద ఉండే మూడక్షరాల ఎయిర్‌పోర్టు కోడ్‌తో వెతికితే ఈ పొరపాటుకి తావుండదు.

2. దూరం కొలవండి

విమాన దూరం అంటే భూగోళం ఉపరితలం మీద రెండు చోట్లని కలిపే అతి దగ్గర దారి. దీన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. ఇంట్లో గ్లోబు ఉంటే మొదట దానిమీదే చూడమని నా సలహా. పిల్లలుంటే వాళ్ళని కూర్చోబెట్టుకుని మరీ చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. సన్నటి దారం ఒక కొస టోక్యో మీద నొక్కిపట్టి, రెండో కొస శాన్ ఫ్రాన్సిస్కో దాకా బిగుతుగా లాగండి. స్కేలు మీద పెట్టి చూస్తే పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు వస్తుంది. అంటే సుమారు 8,290 కిలోమీటర్లు.

ఇప్పుడా దారం ఎటు వెళ్ళిందో గమనించండి. రెండు ఊళ్ళూ దాదాపు ఒకే అక్షాంశం మీద, భూమధ్యరేఖకి ఉత్తరాన 35.5, 37.6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అయినా దారం సూటిగా తూర్పుకి పోదు. మధ్యలో 48వ డిగ్రీ దాకా పైకెక్కి, అలాస్కాకి చెందిన అల్యూషియన్ దీవుల దిశగా వంగి, మళ్ళీ కిందికి దిగుతుంది. దారాన్ని బలవంతంగా అక్షాంశం వెంటే పట్టుకుని లాగితే దూరం 8,700 కిలోమీటర్లు దాటుతుంది. సీటు ముందున్న స్క్రీన్ మీద విమానం అంత పైకెందుకు పోతోందని చాలామంది కంగారు పడతారు. ఆ వంపు బల్లపరుపు మ్యాపు వల్ల కనిపించేదే. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల వైపున్న ప్రాంతాలన్నీ సాగిపోతాయి, దగ్గర దారి కాస్తా చుట్టు దారిలా కనిపిస్తుంది.

గ్లోబు లేకపోతే కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, మొదటి ఊరి మీద రైట్ క్లిక్ చేయండి. దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. దాన్ని ఎంచుకుని రెండో ఊరి మీద క్లిక్ చేస్తే చాలు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైటు కూడా ఉంది. దాంట్లో రెండు ఎయిర్‌పోర్టు కోడ్‌లు మధ్యలో గీత పెట్టి టైప్ చేస్తే దూరమూ, దారి బొమ్మా రెండూ ఇస్తుంది. ఈ పనికి అంతకన్నా తేలికైనది నేను చూడలేదు.

సొంతంగా లెక్క కట్టాలనుకునేవాళ్ళకి సూత్రం ఇదిగో. రెండు ఊళ్ళ అక్షాంశాల సైన్‌లని గుణించండి. విడిగా, రెండు అక్షాంశాల కొసైన్‌లని గుణించి, ఆ వచ్చినదాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించండి. ఈ రెండు అంకెలనీ కలిపి, విలోమ కొసైన్ తీస్తే డిగ్రీలు వస్తాయి. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే దూరం.

హనెడా 35.55 ఉత్తరం, 139.78 తూర్పు. శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు 37.62 ఉత్తరం, 122.38 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలని కలపాలి. కలిపితే 262.16 వచ్చింది. 180 దాటిందంటే అటువైపు నుంచి వెళ్ళడం దగ్గరని అర్థం. 360లోంచి తీసేస్తే 97.84. సైన్‌ల గుణకారం 0.3549. కొసైన్‌ల వైపు అంకె మైనస్ 0.0879, ఎందుకంటే 90 డిగ్రీలు దాటిన కోణానికి కొసైన్ మైనస్‌లోకి పోతుంది. మొత్తం 0.2670. విలోమ కొసైన్ 74.51 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 8,285 కిలోమీటర్లు. దారంతో కొలిచిన అంకెకి ఎంత దగ్గరగా ఉందో చూడండి!

లెక్క తప్పిందంటే సాధారణంగా రెండు చోట్లే చూసుకోవాలి. దక్షిణార్ధగోళంలో ఉన్న ఊరి అక్షాంశానికి మైనస్ పెట్టారా లేదా? కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందా రేడియన్లలో ఉందా? ఎక్సెల్ లాంటివి కోణాలని రేడియన్లలోనే తీసుకుంటాయి, కాబట్టి ముందు మార్చుకోవాలి. ఇంకో మాట గుర్తుంచుకోండి: భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యయినా దగ్గర దారి 20,000 కిలోమీటర్ల చిల్లర కన్నా ఎక్కువ ఉండదు, ఎందుకంటే భూమి చుట్టుకొలతే దాదాపు 40,000. జవాబు అంతకి మించిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

మైళ్ళతో కూడా జాగ్రత్త. ఈ 8,285 కిలోమీటర్లే మామూలు మైళ్ళలో 5,149, నాటికల్ మైళ్ళలో 4,474. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. పైలట్లు వాడేది రెండోది. ఏ మైలో చెప్పకుండా అంకె ఒక్కటే ఇచ్చే సైట్‌ని పక్కన పెట్టేయండి.

3. అసలు దారికి కొంత కలపండి

విమానం సరిగ్గా దారం వెంట ఎగరదు. దిగే రన్‌వే దిశని బట్టి చుట్టు తిరగాలి, తుఫాను మేఘాలని తప్పించుకోవాలి, గాలి బాగున్న దారి వెతుక్కోవాలి. మామూలు దారులకి నేను రెండు శాతం కలుపుతాను. మన ఉదాహరణకి అలా కలిపితే 8,450 అవుతుంది.

కొన్ని దారులకి ఈ రెండు శాతం ఏ మూలకీ సరిపోదు. 2022లో రష్యా గగనతలం యూరప్ విమాన సంస్థలకి మూతపడ్డాక హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో అయిపోయే ప్రయాణం సుమారు పదమూడు గంటలకి పెరిగింది. కొన్నాళ్ళు ఉత్తర ధ్రువం మీదుగా కూడా నడిపారు. ఊళ్ళు జరగలేదు, దూరం పెరగలేదు, దారి మూసుకుపోయిందంతే. టిబెట్ పీఠభూమి మీదుగా కూడా విమానాలు చాలా తక్కువగా వెళ్తాయి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకి దిగాలి. అక్కడ నేలే అంతకన్నా ఎత్తులో ఉంటుంది. రెండు ఇంజన్ల విమానాలకి ఇంకో నిబంధన ఉంది: ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలోపు ఏదో ఒక ఎయిర్‌పోర్టుకి చేరేలా దారి వేసుకోవాలి. దక్షిణ పసిఫిక్ లాంటి చోట్ల ఇది దారిని పక్కకి లాగుతుంది.

కాబట్టి మీ గీత యుద్ధం జరుగుతున్న ప్రాంతం మీదుగానో, మూసేసిన గగనతలం మీదుగానో పోతుంటే గ్రేట్ సర్కిల్ దూరాన్ని నమ్ముకోకండి. నేరుగా ఏడో భాగం చివర చెప్పిన, నిజం విమానాలతో సరిచూసుకునే పద్ధతికి వెళ్ళిపోండి.

4. వేగం, గాలి

దూర ప్రయాణాలు చేసే పెద్ద విమానాలు, అంటే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి, ధ్వని వేగంలో దాదాపు 85 శాతం వేగంతో ఎగురుతాయి. అవి ఎగిరే ఎత్తులో చలి మైనస్ 56 డిగ్రీల దాకా ఉంటుంది. అంత చల్లటి గాలిలో ధ్వని వేగం గంటకి సుమారు 1,060 కిలోమీటర్లే. అందులో 85 శాతం అంటే గంటకి 900. ఏ320, 737 లాంటి చిన్నవాటికి 830 వేసుకోండి.

ఈ 900 చుట్టూ ఉన్న గాలితో పోల్చినప్పటి వేగం. ఆ గాలే కదులుతుంటే? పారే ఏట్లో పడవ నడిపేవాడికి వాలుకి ఒక వేగం, ఎదురుకి ఒక వేగం వచ్చినట్టే ఇదీ. భూమికి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, మధ్య అక్షాంశాల్లో, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలుల ప్రవాహం ఉంటుంది. చలికాలంలో ధ్రువ ప్రాంతానికీ ఉష్ణమండలానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది కనుక ఇది ఇంకా బలపడుతుంది. జపాన్ పరిసరాల్లో శీతాకాలంలో గంటకి 300 కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉంటాయి. 2020 ఫిబ్రవరిలో ఇలాంటి గాలి తోడై, న్యూయార్క్ నుంచి బయల్దేరిన ఒక బోయింగ్ 747 లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. మామూలుగా ఆ దారికి ఆరు గంటలకి పైనే పడుతుంది. నేల మీద కొలిస్తే దాని వేగం గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. గాలిలో మాత్రం అది ధ్వని వేగాన్ని దాటనే లేదు.

దారి పొడవునా గాలి అంత జోరుగా ఉండదు కాబట్టి సగటు వేసుకోవాలి. నేను వాడే లెక్క ఇది: ఉత్తరార్ధగోళంలో తూర్పు పడమరలుగా పోయే దూర ప్రయాణానికి చలికాలంలో గంటకి 80 కిలోమీటర్లు, వేసవిలో 40. తూర్పుకి వెళ్తుంటే కలపాలి, పడమరకి వెళ్తుంటే తీసేయాలి. ఉత్తర దక్షిణాలుగా పోయే దారికీ, భూమధ్యరేఖ దగ్గరి దారికీ ఏమీ కలపను.

చలికాలంలో టోక్యో నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి 8,450ని 980తో భాగిస్తే 8 గంటల 37 నిమిషాలు. తిరుగు ప్రయాణానికి 820తో భాగిస్తే 10 గంటల 18 నిమిషాలు. దూరం ఒక్కటే అయినా తేడా గంటా నలభై నిమిషాలు.

5. ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా నడవడం

టేకాఫ్ అయిన వెంటనే విమానానికి 900 వేగం రాదు. పైకెక్కడానికి అరగంట దాకా పడుతుంది, దిగేటప్పుడూ అంతే. ఈ నెమ్మదికి మొత్తంగా అరగంట కలపండి. గేటు నుంచి రన్‌వే దాకా, దిగాక మళ్ళీ గేటు దాకా నేల మీద పోయే సమయం ఇంకో 20 నిమిషాలు. రద్దీ ఎయిర్‌పోర్టు అయితే అరగంట వేసుకోండి.

టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటుకి పట్టే సమయం. మన లెక్క ప్రకారం వెళ్ళేటప్పుడు 9 గంటల 27 నిమిషాలు, వచ్చేటప్పుడు 11 గంటల 8 నిమిషాలు. ఇక్కడి నుంచి తొమ్మిదిన్నర, పదకొండు అనుకుందాం. విమాన సంస్థలు ఆలస్యాలకి కొంత చోటు వదిలి షెడ్యూలు వేసుకుంటాయి. అందుకే కొన్నిసార్లు విమానం అరగంట ముందే దిగుతుంది.

6. గడియారాలు కలపండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దీనికి ఒక్కటే పద్ధతి పెట్టుకోండి: బయల్దేరే టైముని ముందు యూటీసీకి, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి సమయానికి మార్చాలి. దానికి ప్రయాణ సమయం కలపాలి. ఆ తర్వాత దిగే ఊరి టైముకి మార్చాలి. మధ్యలో అడ్డదారులు వద్దు.

టోక్యో యూటీసీ కన్నా 9 గంటలు ముందుంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో చలికాలంలో 8 గంటలు వెనక. సోమవారం సాయంత్రం 5 గంటలకి టోక్యోలో బయల్దేరారనుకోండి. యూటీసీ ప్రకారం అది సోమవారం ఉదయం 8. తొమ్మిదిన్నర గంటలు కలిపితే సాయంత్రం 5:30. అందులోంచి 8 తీసేస్తే శాన్ ఫ్రాన్సిస్కోలో సోమవారం ఉదయం 9:30. బయల్దేరిన టైము కన్నా ముందే దిగారు! టికెట్లో అచ్చు తప్పు పడిందని కంగారు పడకండి, మధ్యలో తేదీ రేఖ దాటారు.

తిరుగు ప్రయాణంలో ఆ రోజు పోతుంది. సోమవారం ఉదయం 11కి శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్కితే యూటీసీలో అది రాత్రి 7. పదకొండు గంటలు కలిపితే మంగళవారం ఉదయం 6. టోక్యోలో మంగళవారం మధ్యాహ్నం 3. టికెట్ మీద దిగే టైము పక్కన చిన్నగా ప్లస్ 1 అని ఉంటుంది. హోటల్ బుక్ చేసేటప్పుడు, ఎవరినైనా ఎయిర్‌పోర్టుకి రమ్మని చెప్పేటప్పుడు ఆ చిన్న అంకెని తప్పకుండా చూడండి. దాన్ని గమనించకే చాలామంది ఒక రోజు అద్దె దండగ చేసుకుంటారు.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. యూరప్‌లో ఇది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం జరుగుతుంది. జపాన్, ఇండియా లాంటి దేశాలు గడియారం ముట్టుకోవు. అందుకే ప్రయాణం తేదీ నాటి తేడాని చూడాలి, ఇవాళ ఉన్న తేడాని కాదు. తేడాలన్నీ పూర్తి గంటల్లోనే ఉంటాయనుకోవద్దు. ఇండియా ఐదున్నర గంటలు ముందుంటే, నేపాల్ ఐదుముప్పావు.

7. మధ్యలో ఆగే ప్రయాణమైతే

దగ్గర దారి గీత మీద, లేదా దానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో ఆగితే దూరం పెద్దగా పెరగదు. లండన్ నుంచి సిడ్నీకి సూటిగా సుమారు 17,000 కిలోమీటర్లు. సింగపూర్‌లో ఆగితే 10,880, 6,290 కలిపి 17,170. పెరిగింది ఒక్క శాతమే. అదే లాస్ ఏంజిలెస్ మీదుగా వెళ్తే 8,780, 12,050 కలిపి 20,830. అంటే గాలిలోనే నాలుగు గంటలకి పైగా అదనం. టికెట్ ధర తక్కువగా కనిపించినప్పుడు ఈ కూడిక ఒకసారి వేసి చూడండి. ప్రతి అంచెకీ వేగం, గాలి లెక్క విడిగా కట్టి, ఎక్కడం దిగడం సమయం మళ్ళీ కలిపి, మధ్యలో వేచి ఉండే గంటలు చేర్చాలి. టికెట్ మీద డైరెక్ట్ అని ఉన్నా విమానం మధ్యలో ఒక చోట దిగి, అదే నంబరుతో మళ్ళీ బయల్దేరవచ్చు. ఎక్కడా ఆగకూడదంటే నాన్‌స్టాప్ అని ఉందో లేదో చూసుకోండి.

కాగితం మీద వచ్చిన అంకెని చివరగా నిజం విమానాలతో సరిచూడండి. విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి సైట్లలో మీ విమానం నంబరు కొడితే గత కొద్ది రోజుల్లో అది ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు దిగిందో, ఏ దారిలో వెళ్ళిందో కనిపిస్తుంది. ఒక్క రోజుది చూసి నిర్ణయానికి రావద్దు. వారం రోజులవి చూసి మధ్యస్థంగా ఉన్న అంకె తీసుకోండి. మీ లెక్కకీ దానికీ అరగంట లోపు తేడా ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే. గంట దాటితే దారి మ్యాపు తెరవండి. మూసేసిన గగనతలాన్ని చుట్టి వెళ్తుండవచ్చు, లేదా ఆ సీజన్లో గాలి మీరు అనుకున్న దానికన్నా బలంగా ఉండవచ్చు.

ఎవరినైనా తీసుకురావడానికి వెళ్ళేవాళ్ళు ప్రయాణం రోజున కూడా ఇవే సైట్లు చూసుకోవాలి. విమానం గాల్లోకి లేచాక అక్కడ చూపించే దిగే టైము షెడ్యూలు కన్నా నమ్మదగినది, ఎందుకంటే అందులో ఆ రోజు గాలి కూడా లెక్కలోకి వచ్చేసి ఉంటుంది. విదేశీ ప్రయాణమైతే దానికి ఇమ్మిగ్రేషన్, సామాను కోసం గంట నుంచి గంటన్నర కలిపి అప్పుడు ఇంట్లోంచి బయల్దేరే టైము నిర్ణయించుకోండి. పెద్దవాళ్ళు వీల్‌చెయిర్ సహాయం అడిగి ఉంటే వాళ్ళని సాధారణంగా అందరూ దిగాక దించుతారు కాబట్టి, ఇంకో ఇరవై నిమిషాలు కలపండి.